పాస్‌పోర్టులో ఇంటిపేరు, ఫోన్లో ఓటీపీ, సంచిలో గసగసాలు

ఈ నెల ప్రయాణాల శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒడిశా వైపు నుంచే ఉన్నాయి, ఒక్కటి మహారాష్ట్ర నుంచి. ఇంచుమించు అందరిదీ ఒకటే గోల: ఒక్కరమే విదేశం వెళ్లాలి, ఒకటి రెండు వారాలకి కాదు, నెలల తరబడి. మొదటి ఉత్తరానికి జవాబు బారెడు అయింది. మిగతావాళ్లు అడగబోయేవి సగం అందులోనే ఉన్నాయి కాబట్టి కత్తిరించలేదు.

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, మాది బరంపురం. బెంగళూరులో ఉద్యోగం మానేశాను. దాచుకున్న డబ్బుతో అక్టోబరులో బయలుదేరి ఐదారు నెలలు థాయిలాండ్, వియత్నాం, మలేషియా, ఇండోనేషియా ఒంటరిగా తిరగాలని ఉంది. పాస్‌పోర్టు ఇంకా తీసుకోలేదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా పేరు చివర రావు అని ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది, పాన్‌లో ఇంకోలా ఉంది. ఇంట్లో 'ఆడపిల్లవి, ఒక్కదానివే ఎలా' అని రోజూ గొడవ. ఎక్కడ మొదలుపెట్టాలి, ముందే ఏవి బుక్ చేసుకోవాలి? - ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: టికెట్ల రేట్లు చూడటం ఆపి ముందు పేరు సంగతి తేల్చుకోండి. మన సరిహద్దు ఊళ్లలో తెలుగు పిల్లలందరికీ ఉన్న తంటానే ఇది. ఇంట్లో ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా బడిలో వేసేటప్పుడు చివర ఏదో ఒకటి ఉండాలి కదా అని మాస్టారు రావు అనో, పాత్రో అనో, ఆచారి అనో తగిలిస్తారు. తర్వాత ఆధార్ సెంటర్లో కూర్చున్న కుర్రాడు తనకి వినబడినట్టు కొడతాడు. చూస్తే ఒకే మనిషికి మూడు పేర్లు. ఊళ్లో ఉన్నంతకాలం దాంతో పని పడదు, విదేశం అనగానే మూడూ ఒకేసారి బల్ల మీదికి వస్తాయి.

పాస్‌పోర్టు ఫారంలో పేరుకి ఒక గడి, ఇంటిపేరుకి ఒక గడి ఉంటాయి. పొడి అక్షరాలు పనికిరావు, విడదీసి పూర్తిగా రాయాలి. నేనైతే పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అదే ఖాయం చేసుకుని, ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటినీ దానికి తగ్గట్టు మార్పించుకోమంటాను, ఎందుకంటే వీటన్నిటిలో మార్చడం కష్టమైనది ఆ సర్టిఫికెట్టే. 'రావు మా ఇంటిపేరు కాదు కదండీ' అంటారు, నిజమే, అయినా ఆ గడిలో అదే పెట్టండి, ఖాళీగా మాత్రం వదలకండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లని రానివ్వబోమని దుబాయి ఉన్న యూఏఈ దేశం 2022 నవంబరులో చెప్పేసింది. ఇక అక్కడి నుంచి టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు అన్నీ పాస్‌పోర్టు మీది అక్షరాలతోనే.

పాస్‌పోర్టు 36 పేజీలది 1,500 రూపాయలు, 60 పేజీలది 2,000. ఐదారు నెలలు నాలుగు దేశాలు అంటున్నారు, ఇంకో 500 పెట్టి పెద్దదే తీసుకోండి. తత్కాల్ అయితే పైన మరో 2,000. ఇప్పుడు దేశంలో ఏ పాస్‌పోర్టు ఆఫీసు పరిధిలో అయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ పోలీసు వెరిఫికేషన్ మాత్రం మీరు ఫారంలో రాసిన అడ్రసుకే వస్తుంది. బెంగళూరు గది ఖాళీ చేసేశారు కాబట్టి బరంపురం అడ్రసే రాయండి. ఆ రోజుల్లో తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తండి, స్టేషను నుంచి కావచ్చు.

వీసాల విషయంలో మీరు ఎంచుకున్న దేశాలు తేలికైనవే. వియత్నాం ఈ-వీసా 90 రోజుల వరకు ఇస్తారు, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. మలేషియా మనవాళ్లకి 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది, ఆ సదుపాయం 2026 డిసెంబరు 31 దాకా ఉంది. ఇండోనేషియాలో దిగాక 5 లక్షల రుపియా కట్టి 30 రోజుల వీసా తీసుకుని, దాన్ని ఇంకో 30 రోజులు ఒకసారి పొడిగించుకోవచ్చు. థాయిలాండ్ వాళ్లు గడువులు తరచూ మారుస్తున్నారు, టికెట్ కొనే రోజు వాళ్ల రాయబార కార్యాలయం సైట్లో చూసుకోండి. 2025 మే 1 నుంచి అక్కడికి వెళ్లే ప్రతి ఒక్కరూ ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే ముందు వచ్చే సైట్లలో డబ్బు అడిగేవి ఉంటాయి, చూడటానికి అచ్చం సర్కారు సైట్లలాగే ఉంటాయి, అడిగారంటే అది దొంగ సైటే. వియత్నాం వీసాకీ ఇదే బెడద, సైటు అడ్రసు చివర వాళ్ల ప్రభుత్వ గుర్తు gov.vn ఉందో లేదో చూశాకే కార్డు నంబరు కొట్టండి.

బుకింగ్ విషయానికొస్తే, ఐదు నెలల హోటళ్లూ కూర్చుని ముందే బుక్ చేసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. దిగిన ఊళ్లో మొదటి నాలుగైదు రాత్రులు, ఆ దేశం దాటిపోయే ఒక టికెట్టు, ఇవి రెండూ చాలు. ఆ రెండో టికెట్టు మాత్రం తప్పనిసరి, చెకిన్ కౌంటరు దగ్గర విమానం వాళ్లు అడుగుతారు, అక్కడ ఇమిగ్రేషన్ వాళ్లూ అడగవచ్చు. మన దేశం ఇమిగ్రేషన్‌లో కూడా ఒంటరి అమ్మాయి, కొత్త పాస్‌పోర్టు అనేసరికి నాలుగు ప్రశ్నలు ఎక్కువ పడతాయి: ఎక్కడ ఉంటావు, ఖర్చుకి డబ్బెక్కడిది, ఎప్పుడొస్తావు. కోపం తెచ్చుకోకుండా పొట్టిగా జవాబు చెప్పి కాగితాలు చూపించండి. నెట్ పనిచేయకపోతే ఫోన్లో ఉన్నవి తెరుచుకోవు, ప్రింట్లు చేతిలో ఉండాలి.

ఊళ్ల వరస మాత్రం వానల్ని బట్టి వేసుకోండి. అక్టోబరు, నవంబరుల్లో మధ్య వియత్నాం, అంటే హుయే, డనాంగ్, హోయాన్ వైపు, వానలు, వరదలు. బాలిలో నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. మలేషియా తూర్పు తీరపు దీవులు ఆ నెలల్లో దాదాపు మూసేసుకుంటాయి. చియాంగ్‌మాయ్‌లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ. అందుకని ముందు ఉత్తర థాయిలాండ్, అక్కడి నుంచి ఫుకెట్, క్రాబి వైపు, కొత్త సంవత్సరం దాటాక వియత్నాం, తర్వాత మలేషియా, అన్నిటికన్నా చివర బాలి పెట్టుకుంటే సగం గొడుగు బరువు తగ్గుతుంది. వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం టెట్ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, ఆ వారం రైళ్లలో, బస్సుల్లో చోటు దొరకదు, ఏదో ఒక ఊళ్లో కదలకుండా ఉండిపోండి.

అక్టోబరు అన్నారు కాబట్టి ఇంకో మాట. మన తీరానికి అక్టోబరు అంటే తుపాన్ల నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది 11న. రెండుసార్లూ హౌరా-చెన్నై లైను మీద రైళ్లు ఆగిపోయాయి. విమానం భువనేశ్వర్ నుంచైనా విశాఖ నుంచైనా కోల్‌కతా నుంచైనా సరే, ఒక రోజు ముందు కాదు, రెండు రోజుల ముందే ఆ ఊరు చేరిపోండి. అక్కడ పిన్నిగారో బాబాయిగారో ఉంటారు కదా. కోల్‌కతాలో విమానం మారుతూ రెండు వేర్వేరు టికెట్లు కొంటే, మొదటి విమానం ఆలస్యమైనా రెండో వాళ్లకి పట్టదు, సామాను కూడా మీరే తీసుకుని మళ్లీ వేయాలి.

ఇక డబ్బు. ఇక్కడ ఎక్కువమంది ఇరుక్కునేది డబ్బు లేక కాదు, ఓటీపీ రాక. రాత్రి పదకొండింటికి హాస్టల్ కౌంటరు ముందు నిలబడి ఉంటారు, కార్డు నంబరు కొడతారు, '…తో ముగిసే నంబరుకి ఓటీపీ పంపాము' అని తెర మీద వస్తుంది. ఆ సిమ్ బరంపురంలో బీరువాలో కవర్లో భద్రంగా ఉంటుంది. కాబట్టి బ్యాంకుకి ఇచ్చిన నంబరు ఫోన్లోనే ఉండాలి, బయలుదేరక ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాలి, ఏడాది వ్యాలిడిటీ ఉన్న రీచార్జి వేయించాలి. రోమింగులో వచ్చే మెసేజ్‌లకి సాధారణంగా డబ్బు పడదు. ఇంటర్నెట్‌కి మాత్రం అక్కడి ఈ-సిమ్ (చిప్ లేకుండా ఫోన్లోకి ఎక్కించుకునే సిమ్) వేసుకోండి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ వాడకం ఆపేసి ఇస్తారు, మీరే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, ఒకటి పర్సులో, ఒకటి పెట్టె అడుగున. నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు తీసుకెళ్లవచ్చు, కానీ అంత మోయొద్దు, నాలుగైదు వందలు చాలు. థాయిలాండ్ ఏటీఎంలలో చాలావాటిలో బయటి కార్డుకి ఒక్కోసారికి రెండు వందల బాత్‌కి పైనే కోత ఉంటుంది, అందుకే కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి ఎక్కువ తీయండి. రూపాయల్లో లెక్క కట్టమంటారా, బాత్‌లోనా అని తెర మీద అడిగితే బాత్ అనే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్లకి తోచిన రేటు వేస్తారు.

అమ్మానాన్నల గొడవ వాదిస్తే తగ్గదు. చేతికి ఏదైనా ఇస్తే తగ్గుతుంది. నాన్నగారికి ఒక ఫైలు ఇవ్వండి: పాస్‌పోర్టు, వీసాల జిరాక్సులు, ఇన్సూరెన్సు పాలసీ నంబరు, మొదటి హోటలు ఫోన్ నంబరు, ఆయా దేశాల్లో మన రాయబార కార్యాలయాల నంబర్లు. రోజూ ఫోన్ చేస్తానని మాత్రం మాట ఇవ్వకండి, కొండ ఊళ్లో సిగ్నల్ లేని రోజు ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. వారంలో రెండు రోజులు, ఫలానా టైముకి అని చెప్పండి, ఆ టైము మాత్రం తప్పకండి. థాయిలాండ్, వియత్నాం గడియారం మనకన్నా గంటన్నర ముందు, బాలిది రెండున్నర గంటలు ముందు. ఆర్నెల్ల ఇన్సూరెన్సు ఇక్కడ ఉండగానే కొనాలి, విమానం ఎక్కాక అమ్మరు. పాస్‌పోర్టు పోతే ముందు అక్కడ పోలీసు రిపోర్టు, తర్వాత మన రాయబార కార్యాలయం. వెంటనే దొరికే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో ఇంటికి రావడం తప్ప ఇంకో దేశం వెళ్లలేరు, ఈ సంగతి ఇంట్లోవాళ్లకీ చెప్పి ఉంచండి. ఇంత చేశాక కూడా మామ్మగారు ఒప్పుకోకపోతే, స్టీమరెక్కి గోపాల్‌పూర్ నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినవాళ్లు మన వంశంలో ఎవరైనా ఉన్నారా అని ఆవిణ్ణే అడగండి. మన ప్రాంతంలో చాలా ఇళ్లలో ఒకరు దొరుకుతారు, ఆ కబుర్లలో పడితే మీ మాట కాస్త వింటారు.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయిలో రెండు రోజులు ఆగి, ఈజిప్టు, తుర్కియే మూడు నెలలు తిరుగుతానంటున్నాడు. ఆవకాయ, అప్పడాలు, కారప్పొడి, మసాలా పొడి కట్టివ్వాలనుకుంటున్నాను. విమానంలో ఒప్పుకుంటారా? - ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: కట్టివ్వండమ్మా, మసాలా పొడి తప్ప. మన ఇళ్లలో మసాలాలో గసగసాలు వేస్తాం, యూఏఈలో గసగసాలు నిషేధం, మాదకద్రవ్యాల చట్టం కిందకి వస్తాయి. కేసు పడితే మామూలు జరిమానాతో పోదు. విడిగానే కాదు, పొడిలో కలిసినా వద్దు, అబ్బాయికి ఇంట్లో ఎవరూ చెప్పకుండా సంచిలో దూర్చవద్దు. ఆవకాయ నూనె బయటికి రాకుండా సీలు వేసి పెద్ద పెట్టెలో పెట్టాలి, చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గరే తీసేస్తారు. అప్పడాలకి ఏ ఇబ్బందీ లేదు, విరగకుండా చూసుకోవడమే. ఎండుకొబ్బరి చిప్పలు పెద్ద పెట్టెలో పెట్టొద్దు, నూనె గింజ కాబట్టి అంటుకుంటుందని మన విమానాశ్రయాల్లోనే తీసేస్తారు. పవర్ బ్యాంకు కూడా పెద్ద పెట్టెలో వద్దు, అది చేతి సంచిలోనే ఉండాలి.

మందుల సంగతి మీరు అడగలేదు కానీ, నిద్ర పట్టడానికి ఆల్ప్రాజోలం, నొప్పికి ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు లాంటివి దుబాయి మీదుగా తీసుకెళ్లాలంటే ముందే వాళ్ల ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. మిగతా మందులకి డాక్టరు చీటీ, అట్టపెట్టె అలాగే ఉంచండి, గోళీలు విప్పి డబ్బాలో పోయొద్దు.

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. 'టూరిస్టు వీసా మీద కంబోడియా వెళ్లి కాస్త తిరిగి చూడు, అక్కడే డేటా ఎంట్రీ ఉద్యోగం ఇప్పిస్తాం' అని ఒక ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ఒంటరిగా పంపవచ్చా? - ఒక అక్క, గుణుపురం

జవాబు: పంపొద్దు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు సరిగ్గా ఇలాంటిదే. డేటా ఎంట్రీ అని చెప్పి ఉత్తరాంధ్ర కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, మన దేశంలోవాళ్లకే ఫోన్లు చేయించి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అన్న మాట విన్న చోటే లేచి వచ్చేయాలి, ఏజెంటు చుట్టమైనా సరే. విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటుకి కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. లక్షన్నర ఇప్పటికే ఇచ్చేసి ఉంటే తిరిగి ఇస్తాడని కూర్చోకుండా స్టేషనుకి వెళ్లండి. తమ్ముడికి నిజంగా దేశం చూడాలని ఉంటే ముందు నేపాల్ పంపండి, వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆ వయసు కుర్రాళ్లకి ఆధార్ కార్డు మాత్రం అక్కడ చెల్లదు.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, పేపరు మిల్లులో రిటైరయ్యాను. భార్య పోయి రెండేళ్లు. బీపీ ఉంది, కంట్రోల్లోనే ఉంది. జూన్‌లో బయలుదేరి నాలుగు నెలలు యూరప్ రైళ్లలో ఒంటరిగా తిరగాలని ఎప్పటినుంచో కోరిక. పిల్లలు నవ్వుతున్నారు. - ఒక పాఠకుడు, బల్లార్షా

జవాబు: నవ్వనివ్వండి సార్. నాలుగు నెలలు మాత్రం ఒకే వీసా మీద కుదరదు. షెంగెన్ దేశాలన్నిటికీ, అంటే ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాలన్నిటికీ, కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. క్రొయేషియా 2023లో అందులో చేరింది, రుమేనియా, బల్గేరియా 2025 జనవరి నుంచి పూర్తిగా చేరాయి, అక్కడికి వెళ్లి రోజులు ఆదా చేద్దామంటే లాభం లేదు. నాలుగో నెల బ్రిటన్‌కి విడిగా వీసా తీసుకుని అక్కడ గడపండి, రైళ్ల పిచ్చి ఉన్న మనిషికి అది సరైన చోటే. 2025 అక్టోబరు నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటోతో ఎంట్రీ, ఎగ్జిట్ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. ఒక్క రోజు ఎక్కువున్నా అదే పట్టేస్తుంది, కాబట్టి 90 అంటే 86 అనుకుని టికెట్టు వేసుకోండి.

షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ విడిగా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. వేసవి రద్దీలో స్లాట్లు దొరకవు, జూన్ ప్రయాణానికి జనవరిలోనే కూర్చోండి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్సు అడుగుతారు. పాలసీ కొనేటప్పుడు బీపీ ఉందని కచ్చితంగా రాయండి, ప్రీమియం పెరుగుతుందని దాస్తే అక్కడ ఆస్పత్రి పాలైన రోజు అదే సాకు చూపించి డబ్బు ఇవ్వరు. అరవై దాటినవాళ్లకి కొన్ని పాలసీలు ముందునుంచి ఉన్న జబ్బుకి ప్రాణాపాయం అయితేనే ఇస్తాయి, ఆ ఒక్క పేరా ఏజెంటుతో చదివించుకుని వినండి.

పింఛను లైఫ్ సర్టిఫికెట్ సంగతి మరిచిపోతారు అందరూ. మీది ఈపీఎఫ్ పింఛను అయితే ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. మీరు ఊళ్లో లేని నెలల్లో గడువు ముగుస్తుందేమో చూసుకుని బయలుదేరక ముందే వేసేయండి. యూరప్‌లో పొద్దునపూట మూడు గంటలసేపటికి మించి తిరగకండి, మధ్యాహ్నం నిద్ర మానకండి. ఇది నిబంధనేమీ కాదు, నా మాట.

ప్రశ్న: ఆర్టీవో దగ్గర వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను. వియత్నాంలో బైకు అద్దెకి తీసుకుని ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒంటరిగా వెళ్లవచ్చా? - ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: అద్దెకి బండి ఇస్తారు, ఎవరూ అడగరు కూడా. కానీ మన పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చింది, వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం పర్మిట్లు మాత్రమే. అంటే మీరు అక్కడ లైసెన్సు లేకుండా నడుపుతున్నట్టే లెక్క. పోలీసు ఆపితే జరిమానా, అది పెద్ద సంగతి కాదు. పడి కాలు విరిగితే ఇన్సూరెన్సు రాదు, సంగతంతా అక్కడుంది. 50 సీసీ లోపు బండ్లకి లైసెన్సు అక్కర్లేదు, ఊళ్లో తిరగడానికి సరిపోతాయి, ఘాట్లకి పనికిరావు. మీరు చూడాలనుకునేది హా జాంగ్ కొండలే అయితే, రాయగడ ఘాట్లలో బండి తోలినవారికి మనసొప్పదు గానీ, అక్కడ బండితో పాటు డ్రైవర్ని కూడా ఇస్తారు, ఈజీ రైడర్ అంటారు. వెనక కూర్చుని వెళ్లండి, మిగతా దేశం రైల్లో.